రాముడు, లచ్చుమన్న తోలు

గోదావరి ఒడ్డున పడవల మధ్య పెరిగినవాణ్ణి. గండికోట లోయలో పెన్న వరద రాళ్ల మీద ఎగిరి దూకుతుందని విని, ఆ నీళ్లలో తెడ్డేసుకుంటూ పోవాలని సరదా పడ్డాను. ఆ సరదా తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పందొమ్మిది వందల యాభైల మొదట్లో, అక్కడి కరువు ఇంకా తీరకముందే, ఎండాకాలంలో ఏర్పాట్లకని జమ్మలమడుగు వైపు వెళ్లాను.

పుట్టి నడిపే హుసేనప్ప ఇంటి ముందు కూర్చుని, ఎక్కడ ఎక్కాలో, ఏ రాళ్ల దగ్గర దిగి పుట్టిని మొయ్యాలో కాగితం మీద గీసుకున్నాను. ఎదురుగా ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు.

"వాన పడితే నీళ్లు శానా వడిగా వస్తాయి సామీ. బయపడరు గదా?" అన్నాడు.

"ఆ వడి కోసమే కదా వచ్చింది!" అన్నాను గొప్పగా.

గోడకు ఆనించిన పుట్టిని చూపించాడు. పెద్ద వెదురు బుట్టకు తోలు బిగించి ఉంది. మా వైపు అన్నీ కొయ్య పడవలే, నాకది వింత. తోలు మీద తట్టి, "కొత్తదా?" అన్నాను.

"పోయినేడుది. ఈ పక్క రామునిది, ఆ పక్క లచ్చుమన్నది. మా కాడెద్దులు సామీ. తాగను నీళ్లు లేక సచ్చినాయి."

నా చెయ్యి తోలు మీదే ఉండిపోయింది.

"మీరు యా పక్క కూసుంటారు?" అన్నాడు మామూలుగా.

ఆ ఏడు పెన్నకు నీళ్లొచ్చాయని తర్వాత విన్నాను. నేను పోలేదు.