కల్లును మేం తాగుడు కింద లెక్కపెట్టలేదు

ఆ రోజు నాకు దారానికి ముడి పడలేదు.

చెప్తే నవ్వుతారు గానీ, నాకది చిన్న విషయం కాదు. మా బాపు సూరత్ పక్కన జోల్వాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. తెగిన పోగును రెండు వేళ్లతో ముడివేయడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్‌లో చేరాక మా బ్యాచ్‌లో సగం మందికి ఆ ముడి నేర్పింది నేనే. అలాంటిది నాలుగో సంవత్సరం మొదలైన వారంలో, నూలు బలం చూసే మెషిన్ ముందు నిలబడి మూడుసార్లు ప్రయత్నించాను. వేళ్లు వణుకుతున్నాయి. చెమటకు పోగు జారిపోతోంది. హాస్టల్‌లో నా రూమ్మేట్ ఖుషాలీ పక్కనే ఉంది. "చాయ్ ఎక్కువైందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి రెండు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు.

మూడు రోజుల కిందటే నిజామాబాద్ జిల్లా నుంచి తిరిగొచ్చాను. అక్కడ ఒక స్పిన్నింగ్ మిల్లులో రెండున్నర నెలల ఇంటర్న్‌షిప్. ఉన్నది మా పెద్దమ్మ ఇంట్లో. ప్రయాణం బడలిక అనుకున్నాను. ల్యాబ్ అయ్యాక మెట్లు దిగడం వరకు గుర్తుంది. తర్వాత కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి మంచం, నాలుక కొరుక్కున్న మంట, అమ్మ మొహం.

సీటీ స్కాన్ నార్మల్. ఈఈజీ నార్మల్. షుగర్, సోడియం, కాల్షియం అన్నీ నార్మల్. డాక్టరు కాగితాలు తిరగేస్తూ హిందీలో అమ్మను అడిగాడు: "శరాబ్, సిగరెట్, గోలీ, ఏమైనా అలవాటు ఉందా?"

అమ్మకు పౌరుషం వచ్చింది. "లడ్కీ హై సాబ్" అంది, ఆడపిల్లకు అలవాట్లేంటన్నట్టు. డాక్టరు కూడా నా వంక చూడకుండానే "నో హ్యాబిట్స్" అని రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ అబద్ధం చెప్పిందని నాకు అనిపించలేదు. అదే ఇందులో చిత్రం. ఫస్ట్ సీజర్, అంటే మొదటిసారి ఫిట్స్ అన్నారు, ఎపిలెప్సీ కావచ్చన్నారు, ఫిట్స్ ఆపే లెవెటిరాసెటమ్ మాత్రలు రాసి ఇంటికి పంపారు.

జోల్వాలో మా గది సాంచాల షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని. ఆ వారం మాత్రం ఒక్కొక్క దెబ్బా నా తలలోనే పడుతున్నట్టు ఉండేది. కూర్చోలేను, పడుకోలేను. వంటగది నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి వంటగది దాకా తిరగడమే పని. ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు చేతులు గీరుకునేదాన్ని. ఊరికే ఏడుపొచ్చేది, ఊరికే కోపమొచ్చేది. అమ్మ చీరలకు లేసు కుడుతూ నన్ను గమనిస్తూనే ఉంది.

"వేడి చేసింది బిడ్డ" అంది చివరికి. "ఆడ పెద్దమ్మ దగ్గర రోజు సల్లగ కల్లు తాగినవ్. ఈడికొచ్చినంక బందయింది. గంతే."

మా వైపు ఇళ్లలో ఆడవాళ్లు సాయంత్రం కల్లు తాగడం వింత కాదు. పెద్దమ్మ, ఆమె తోడి బీడీలు చుట్టే ఆడవాళ్లు పని ముగించి దుకాణం నుంచి సీసాలు తెప్పించుకునేవారు. నాకూ ఒకటి ఇచ్చేవారు. నెల తిరిగేసరికి రెండు. మా లెక్కలో తాగుడంటే బ్రాందీ, సారా. కల్లు ఒంటికి చలువ, ఎండాకాలంలో మజ్జిగ లాంటిది. గుజరాత్‌లో మద్యనిషేధం ఉందని మాకు తెలుసు. ఆ నిషేధం కల్లుకూ వర్తిస్తుందని తెలిసినా, మనసులో మాత్రం అది వేరే ఖాతా.

అమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసింది. ఊరి నుంచి సూరత్ వచ్చే ట్రావెల్స్ బస్సుల్లో పచ్చళ్లు, పిండివంటలు, పెళ్లి కార్డులు అన్నీ వస్తాయి. అలాగే ఐదు లీటర్ల నూనె డబ్బాలో కల్లు వచ్చింది. పొంగి పగలకుండా మూత వదులుగా పెట్టి, డ్రైవరుకు మజ్జిగని చెప్పారట. ఆ వాసనకు మజ్జిగని నమ్మిన డ్రైవరు ఎంత మంచివాడో నాకిప్పటికీ తెలియదు.

పుల్లగా ఉంది. ఒక గ్లాసు తాగాను. గంటలో చేతుల వణుకు ఆగిపోయింది. అల్మారాలోంచి దారం తీసి ముడి వేసి చూశాను. పడింది. అమ్మ మొహం వెలిగిపోయింది.

"సూసినవా? డాక్టర్లకేం తెల్సు" అంది. ఆ రాత్రి పడుకున్నదాన్ని పొద్దెక్కేదాకా నిద్రపోయాను. ఆ నిద్ర కోసం ఏమైనా చేయడానికి సిద్ధంగా ఉన్నానని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం అమ్మ వైద్యం పనిచేసిందని సంతోషించాను. రెండు వాటర్ బాటిళ్లలో మిగిలిన కల్లు నింపుకుని హాస్టల్‌కు పోయాను. ఖుషాలీ అడిగితే మజ్జిగ అన్నాను. ఆ తప్పు అమ్మది కాదు, నాదే.

బాటిళ్లు అయిపోయిన మూడో రోజు మధ్యాహ్నం మెస్‌లో, చేతిలో ప్లేటుతోనే పడిపోయాను.

ఈసారి ఫిట్స్ ఆపే ఇంజెక్షన్ ఇవ్వకముందే యూరిన్ తీసి పంపారట. రిపోర్టులో బెంజోడయాజెపైన్ పాజిటివ్ అని వచ్చింది. నిద్రమాత్రల జాతి మందు, ఫిట్స్‌కు ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఆ జాతిదే. నేను మాత్ర మింగలేదు. రెక్టర్ మేడం నా అల్మారా వెతికించారు. ఇక్కడ హాస్టల్ వార్డెన్‌ను రెక్టర్ అంటారు. ఖాళీ బాటిళ్లు దొరకలేదు. వాసనకు అది మజ్జిగ కాదని గ్రహించి, నా మీద ప్రేమతో ఖుషాలీ వాటిని అప్పటికే కడిగి పారేసింది. "ఎవరిస్తున్నారు నీకు ఆ గోళీలు?" అని రెక్టర్ అడిగారు. ఎవరూ లేరన్నాను. గురువారం పదకొండింటికి డిసిప్లినరీ కమిటీ ముందుకు రావాలని కాగితం చేతిలో పెట్టారు. తప్పు రుజువైతే సస్పెన్షన్. అంటే ఆ ఏడాది క్యాంపస్ ఉద్యోగాలు, మూడేళ్లుగా మా బాపు చేసిన డబుల్ షిఫ్టులు, అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి.

యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కు వారానికి రెండు రోజులు ఒక సైకియాట్రిస్ట్ వస్తారు. బుధవారం నన్ను పిలిచారు. గుజరాతీ ఆవిడ, నాతో హిందీలో మాట్లాడారు. "రిపోర్ట్ మందు ఉందంటోంది. నువ్వు మింగలేదంటున్నావు. రెండూ నిజమే అనుకుందాం. ఊళ్లో పొద్దున లేచినప్పటి నుంచి ఏం తిన్నావో, ఏం తాగావో వరుసగా చెప్పు" అన్నారు.

చాయ్, జొన్నరొట్టె, పప్పు, మామిడికాయ తొక్కు అని చెప్పుకుంటూ పోయాను. సాయంత్రం దగ్గర ఆగిపోయాను.

"సాయంత్రం?"

"తాడీ" అన్నాను. కల్లును ఇక్కడ అలా అంటారు.

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "కల్లులో నీళ్లు కలిపి, మత్తు తగ్గకుండా ఆల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారు కొన్నిచోట్ల. నీకొచ్చింది ఎపిలెప్సీ కాదు, అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే వచ్చే విత్‌డ్రాయల్ అనుకుంటున్నాను. కానీ ఊరి నుంచి వచ్చి మూడు వారాలు దాటింది. మళ్లీ ఇక్కడ తాగావా?"

మళ్లీ వస్తానని లేచిపోయి అమ్మకు ఫోన్ చేశాను.

"చెప్పకు బిడ్డ, నీ కాళ్లు మొక్కుత" అంది అమ్మ. "బస్సుల తెప్పిచ్చింది నేను. పోలీసులకు తెలిస్తే మీ బాపు కొలువు ఉంటదా? కిరాయి గది ఉంటదా? గోళీలు ఎవరో ఇచ్చిన్రని చెప్పు."

"ఎవరని చెప్పాలె అమ్మా? ఖుషాలీ పేరు చెప్పాల్నా?"

సాంచాల చప్పుడు మధ్యే అమ్మ ఫోన్ పెట్టేసింది.

నాకా రోజు ఎంత భయమేసిందో రాయడం కష్టం. హెల్త్ సెంటర్ చుట్టూ ఎన్ని రౌండ్లు వేశానో తెలియదు. చెప్తే అమ్మ పోతుంది, చెప్పకపోతే నేను పోతాను. గురువారం తొమ్మిదింటికే డాక్టరు మేడం గది ముందు నిలబడ్డాను. ఆవిడ నా అడ్మిషన్ ఫైల్ తెరిచి ఒక కాగితం చూపించారు. మత్తు పదార్థాలు వాడనని చేరేటప్పుడు అందరితో సంతకం చేయించుకునే హామీపత్రం. కింద తెలుగులో అమ్మ సంతకం. మొదటి పేజీలో శిక్షలన్నీ బోల్డ్ అక్షరాల్లో ఉన్నాయి. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను: విద్యార్థి తనంతట తాను వచ్చి సహాయం అడిగితే అది చికిత్స కిందకు వస్తుంది, క్రమశిక్షణ కిందకు రాదు. మూడేళ్లలో ఆ పేజీ మాకెవరూ చదివి వినిపించలేదు.

"నువ్వు ఏం తాగావో నేను రాసుకుంటాను. ఎవరు తెచ్చారో నాకు అక్కర్లేదు" అన్నారు. అప్పుడు చెప్పాను. చెప్తున్నంతసేపూ ఏడ్చాను.

కమిటీకి ఆవిడే రాసిచ్చారు. నాకు మెడికల్ లీవు ఇచ్చారు. ఒక సెమిస్టర్ పోయింది, సీటు మిగిలింది. అదే వారం గేటు దగ్గర బ్యాగులో బీర్ క్యాన్‌తో దొరికిన మెకానికల్ అబ్బాయికీ సెమిస్టరే పోయింది, సస్పెన్షన్ మీద. అతన్ని ఏ డాక్టరూ ఏమీ అడగలేదు. నేను మెస్‌లో పడిపోయాను కాబట్టి పేషెంట్‌నయ్యాను, అతను నిలబడే ఉన్నాడు కాబట్టి నేరస్థుడయ్యాడు. ఆ మాట మేడంతో అంటే, "కమిటీని నేనూ అదే అడుగుతున్నాను" అన్నారు. జవాబు ఇంకా వచ్చినట్టు లేదు.

చికిత్స అంటే ట్యాపరింగ్. అదే జాతికి చెందిన డయాజెపామ్ ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడం. ఆరో వారంలో నాకు ధైర్యం ఎక్కువై మాత్రలు మొత్తం ఆపేశాను. మూడో రోజుకు మళ్లీ చీమలు, మళ్లీ చప్పుడు, మళ్లీ గుమ్మం దాకా నడక. మేడం కోప్పడ్డారు. "బస్సు ఆగకముందే దూకుతావా?" అని డోసు రెండు మెట్లు వెనక్కి పెంచారు. అలా నాలుగు నెలలు పట్టింది. అమ్మ మాత్రం చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాత్ర ఇచ్చేది, మొహం తిప్పుకునేది. నేను చెప్పినందుకు కాదని, తను తాగించినందుకని నాకు తెలుసు. తెలిసినా బాధగానే ఉండేది.

ఇప్పుడు మళ్లీ క్లాసులకు పోతున్నాను. ముడి పడుతోంది. ఒక్కోరోజు కారణం లేకుండా కాలు ఊగుతూ ఉంటుంది, ఆగమని చెప్పినా ఆగదు. పెద్దమ్మను ఒక్కసారిగా మానొద్దని, ముందు డాక్టరును కలవమని ఫోన్‌లో చెప్పాను. నిజామాబాద్‌లో చూపించుకుంటోంది. "గదే మందు. చీటీ మీదిస్తే డాక్టరు, సీసల కలిపిస్తే దుకాణపోడు" అని వెక్కిరిస్తుంది గానీ, మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. డాక్టరు అలవాట్లు అడిగినప్పుడు, మీ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో పక్కన పెట్టండి. గడిచిన మూడు నెలల్లో గొంతు దిగిన ప్రతిదీ చెప్పండి. చలువకని తాగింది, నొప్పికని మింగింది, నిద్రకని ఎవరో ఇచ్చింది, అన్నీ.

పోయిన నెల జోల్వాలో బీపీ క్యాంపు పెట్టారు. అమ్మ వెంట నేనూ లైన్లో ఉన్నాను. వెనక మా వాడకట్టు ఆడవాళ్లు పదిమంది. కుర్ర డాక్టరు తల ఎత్తకుండా "కోయీ నషా?" అని, ఏదైనా మత్తు అలవాటు ఉందా అని అడిగి, అమ్మ జవాబు కోసం ఆగకుండానే "నో" అని రాయబోయాడు.

అమ్మ అతని పెన్ను మీద చెయ్యి పెట్టింది. వచ్చీరాని హిందీలో, వెనకవాళ్లందరికీ వినపడేలా చెప్పింది: "రాయి సాబ్. ఊరికి పోయినప్పుడు కల్లు తాగుత. నా బిడ్డకు గూడ నేనే తాగిచ్చిన."