తీరిక వేళల్లో అల్లినది

మా ఇంట్లో అమ్మ చేసే పనిని ఎవరూ పని అనేవారు కాదు. నరసాపురం దగ్గర మాది ఎకరంన్నర రైతు కుటుంబం. కంచంలో కూర లేకపోయినా చొక్కాకి ఇస్త్రీ ఉండాలనే రకం. "మా ఇంటి ఆడవాళ్ళు కూలికెళ్ళరండి" అని నాన్న అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవారు. నిజమే, అమ్మ ఎక్కడికీ వెళ్ళేది కాదు. వంటా అంట్లూ ముగించి అరుగు మీద లేసు సూది పట్టుకుని కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి లేచేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి పట్టుకెళ్ళేవాడు. తూకం తగ్గితే కోత. ఆ లేసు ఓడెక్కి ఏ దేశం పోతుందో మాకు తెలియదు. ఇంట్లోకి ఉప్పూ పప్పూ దాంతోనే వస్తున్నాయని మాత్రం అందరికీ తెలుసు. ఎవరైనా పలకరిస్తే అమ్మ, "ఏదో ఊసుపోక అల్లుతున్నానండి" అనేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో అమ్మకి కళ్ళు మసకలు కమ్మడం మొదలైంది. పువ్వు మధ్యలో గళ్ళు లెక్కపెట్టడానికి లేసుని ముక్కు దాకా తెచ్చుకునేది. రాజమండ్రిలో కళ్ళ డాక్టరుకి చూపించుకోవాలి, అందుకు నాన్నని మాత్రం చెయ్యి చాచి అడగకూడదు. అదీ ఆమె పట్టుదల.

సరిగ్గా అప్పుడే లేసు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒక తెల్లావిడ, ఆవిడ వెంట తెలుగాయనొకరు ఊళ్ళోకి వచ్చారు. పనివాళ్ళుగా పేరు రాయించుకుంటే గంటల లెక్కన కూలి ఇప్పిస్తారట, కళ్ళకి వైద్యం కూడా చేయిస్తారట. కాలువ అవతలి పేటలో ఆడవాళ్ళందరూ రాయించుకున్నారు. తర్వాత మా అరుగు దగ్గరికి వచ్చారు.

"రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారండి?" అని ఆయన అడిగాడు.

అమ్మ నోరు తెరిచింది. వాలుకుర్చీలో నాన్న దగ్గారు.

"అబ్బే, పని కాదండి. తీరిక దొరికినప్పుడు ఊరికే..." అంది అమ్మ.

తెల్లావిడ నా వైపు చూసింది. ఇంగ్లీషులో మాట్లాడే అవకాశం నాకు అంతకుముందెప్పుడూ రాలేదు. "ఓన్లీ ఇన్ లీజర్ టైమ్, మేడమ్!" అన్నాను ఠీవిగా. ఆవిడ నవ్వి, రాసుకుంది. ఆ పూటంతా నాకు గర్వంగానే ఉంది, సిగ్గులేని గర్వం.

పేటవాళ్ళకి రేటు పెరిగింది. అమ్మకి పెరగలేదు. ఓపిక పట్టి పట్టి చివరికి అడిగితే ఏజెంటు, "మీరు కూలికి చేసేవారు కాదు కదండీ!" అన్నాడు, ఎంతో మర్యాదగా. నాన్న పేపరులోంచి తల ఎత్తలేదు. అదే దారం, అదే పువ్వు, రెండు రేట్లు. అమ్మ ఇంకో మూడేళ్ళు అలాగే అల్లింది. ఎలాగో డబ్బు కూడబెట్టుకుని వెళ్ళేసరికి, "ముందే రావాల్సిందమ్మా" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు నేను లేసు ఎగుమతి చేసే షెడ్డులో ప్యాకింగ్ చూస్తాను. ఒక్కో బల్లగుడ్డకీ ఒక అట్టచీటీ కట్టాలి. దాని మీద ధర విదేశీ డబ్బుల్లో ఉంటుంది. దాన్ని ఒక రోజు రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. నెలంతా అల్లిన మనిషికి అందులో పదో వంతు కూడా రాదు.

మొన్న మరక పడిందని పక్కన పడేసిన బల్లగుడ్డని చీటీతో సహా ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని వేళ్ళతో తడిమి చూసింది.

"ఎవరో బాగా అల్లిందే. పాపం, నెల పట్టుంటుంది. ఈ చీటీ మీద ఏముందే?" అంది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాల్సింది. బుద్ధిలేక, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివాను. "గోదావరి తీరపు గృహిణులు తీరిక వేళల్లో సరదాగా అల్లినది."

అమ్మ బల్లగుడ్డని మడత పెట్టింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.

"నాకు తీరిక ఎప్పుడుందే?" అంది. "నేనంటే సరే, మీ నాన్నకి భయపడ్డాను. నువ్వైనా ఆవేళ చెప్పొచ్చు కదా."