ఆ రొద టైర్లది కాదు

మా బావను బజారంతా స్టెతస్కోపు అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "నాలుగో సిలిండర్ దగ్గుతోంది" అనేవాడు. విప్పి చూస్తే నాలుగోదే. ముప్పై ఏళ్లు ఆ చెవే ఇంటికి తిండి పెట్టింది. ఆయన మెకానిక్ షెడ్డుకి ఆనుకునే నా టైర్ల దుకాణం, మధ్యలో ఒక్కటే గోడ. మా అక్క మొగుడు కాబట్టి ఆయన వేళాకోళాలన్నీ ఆ గోడ దాటి నా మీదికే వచ్చేవి. "రబ్బరుకి గాలి కొట్టడం కూడా ఒక విద్యేనా?" అనేవాడు. నేను లోపల పళ్లు నూరుకుంటూ పైకి నవ్వేవాణ్ణి.

రెండేళ్లుగా ఆ చెవిలో పస లేదు. వెనక నుంచి హారన్ కొడితే తిరగడు. ఎవరు మాట్లాడినా పెదాలకేసి చూస్తాడు. వాళ్లింట్లో టీవీ గోల పక్కవీధికి వినిపిస్తుంది. అక్కకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు విప్పలేదు. చెవులు పోయిన స్టెతస్కోపు దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? పైగా బావకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే, నాలుగోది నేనే దాచేసేవాణ్ణి.

వానలు పట్టిన వారంలో నా మేనకోడలు తన కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. కొండ కింది ఆసుపత్రిలో నర్సు. రోజూ పదకొండు మలుపుల రోడ్డు దిగి పనికి వెళ్లాలి. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోంది.

"నాన్నా, ఈ ట్రాక్షన్ కంట్రోల్ లైటు ఆరట్లేదు. వానలో ఏమన్నా భయమా?" అని గట్టిగా అడిగింది.

"ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుందమ్మా, ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి. దానికి బురద పట్టుంటుంది. చక్రం జారుతోందో లేదో బండికి తెలియట్లేదు, అంతే."

తుడిచాడు. లైటు ఆరింది. రెండు రోజులకి మళ్లీ వెలిగింది. బండి లోపాలు చదివే స్కానర్ నేను అడిగి తెచ్చి పెడితే, ముందు ఎడమ చక్రం నుంచి సిగ్నల్ తెగి తెగి వస్తోందని చూపించింది. వైరు బాగానే ఉంది. బావ కొత్త సెన్సర్ వేశాడు. లైటు ఆరింది. మూడోసారీ వెలిగింది. కొత్త సెన్సర్ కూడా అదే మాట అంటోందంటే తప్పు దానిది కాదు, చక్రానిది. లోపలి బేరింగ్ అరిగితే చక్రం వణుకుతుంది, సెన్సర్‌కి లెక్క తప్పుతుంది. జాకీతో ఎత్తి ఊపి చూశాం. చేతికి కదలికేమీ తెలియలేదు. ఇక చెప్పాల్సింది చెవే.

"నువ్వూ రా బామ్మర్దీ," అన్నాడు. తన పనిలో సాయానికి నన్నెన్నడూ పిలిచినవాడు కాదు.

బావ నడుపుతున్నాడు, పక్కన కూతురు, వెనక నేను. వేగం నలభై దాటగానే ఎడమవైపు నుంచి రొద లేచింది. తిరగలి తిప్పుతున్నట్టు ఉంది. కుడికి తిరిగినప్పుడల్లా ఇంకా గట్టిగా వచ్చింది. బేరింగే, సందేహం లేదు.

"నాన్నా, ఏదో రొద!" అని అరిచింది మేనకోడలు.

"మీ మావయ్య మొన్న వేసిన కొత్త టైర్లదేమో. అంతేనా బామ్మర్దీ?" అద్దంలోంచి నన్నే చూశాడు.

కూతురి ముందు నా పరువు తియ్యకురా అంటున్నాడనుకున్నాను. "అవును, టైర్లే," అన్నాను. సాయంత్రం ఒంటరిగా చెప్పి బేరింగ్ మార్పిద్దాం, ఈలోపు ఏమవుతుందిలే అనుకున్నాను. నా బతుకులో చేసిన పాపం ఏదన్నా ఉందంటే అదే.

ఆమె అదే కారులో డ్యూటీకి వెళ్లిపోయింది. వాన ముదిరింది. పావుగంట కూడా ఆగలేకపోయాను. షెడ్డులోకి పరిగెత్తి, ఆయనకి నా పెదాలు కనిపించేలా ఎదురుగా నిలబడ్డాను.

"బావా, అది టైరు కాదు. బేరింగ్."

ఆయన చేతిలో స్పానర్ కింద పడేశాడు.

"అద్దంలోంచి అడిగాను కదరా నిన్ను! నాకు వినపడదని నీకు తెలుసు. నీకు తెలుసని నాకూ తెలుసు. నీ చెవుల కోసమేరా నిన్ను తీసుకెళ్లింది. నువ్వు టైర్లన్నావు, నమ్మాను."

మేనకోడలికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. నా వ్యాన్‌లో బయలుదేరాం. ఒక్కో మలుపు దగ్గరా ఆయన సీటులోంచి లేచి లోయలోకి చూశాడు. నేను రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

ఏడో మలుపులో కారు రోడ్డు అంచు పిట్టగోడకి ఒరిగి ఉంది. ముందు ఎడమ చక్రం వాలిపోయింది, దానిలోంచి ఇంకా పొగ వస్తోంది. మేనకోడలు వానలో నిలబడి ఉంది. నుదుటి మీద నెత్తురు. బతికే ఉంది. వ్యాన్ ఆపి ఇద్దరం పరిగెత్తాం.

తండ్రిని ఒకసారి చూసి నా వైపు తిరిగింది. "మావయ్యా, అది టైర్ల రొద కాదని నీకు అప్పుడే తెలుసా?" అంది.

వానహోరులో ఆ మాట బావకు అందలేదు. "ఏమంటోందిరా?" అంటూ చెవి నా నోటి దగ్గరికి వంచాడు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఆయన చెవిలో అరిచి చెప్పాను. ఇప్పుడు ఇద్దరూ నా జవాబు కోసం నా మొహంలోకి చూస్తున్నారు.