ఆర్గన్ పిడి

సూర్యాపేటలో మా చర్చి మందిరంలోని పైపు ఆర్గన్‌ను తెల్లదొరల కాలంలో ఓడ మీద తెప్పించారని పెద్దలు చెప్పేవారు. నా భార్య దాన్ని వాయించేది. నేను పక్కన నిలబడి, తిత్తికి బిగించిన కర్రపిడిని పైకీ కిందకీ ఆడిస్తూ గాలి కొట్టేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆ పని, ఆర్గన్ మూగబోయేదాకా నాదే. పిడి చాలా బరువు. మూడో చరణానికి భుజం లాగేది. నేను కాస్త మందగిస్తే స్వరం జారిపోయేది. ఆమె మీటల మీంచి వేళ్ళు తీయకుండానే తల తిప్పి నా వైపు చూసేది. 'ఈ రోజు రెండుసార్లు చూసింది' అని డైరీలో రాసుకున్న ఆదివారాలున్నాయి.

ఆమె పోయాక, ఆ ఆర్గన్‌ను నా చేతి గాలితో ఇంకొక్కసారి పలికించాలనిపించింది. సంఘ కార్యదర్శి ఆమె తమ్ముడే. అడగ్గానే ఒప్పుకున్నాడు. ఆర్గన్‌ను విప్పించి కోదాడకు మరమ్మతుకు పంపించాడు. విశ్రాంత జీవితం మిర్యాలగూడలో గడుపుతున్న నేను, వెళ్ళి ఆ పని చూసొస్తానన్నప్పుడల్లా ఆపాడు.

"నువ్వెందుకు బావా పరేషానైతవ్? అక్క వాయించిన పెట్టె అది. నాకు మాత్రం పానం కాదా? అయినంక నేనే పిలుస్త."

ఈలోగా నేను రోజూ పొద్దున్నే నీళ్ళ బకెట్ ఎత్తి దించుతూ భుజాన్ని సిద్ధం చేసుకున్నాను. ఒకసారి ఇంటికొచ్చి అది చూసి, "పహిల్వాన్‌వైతున్నవ్ బావా!" అని నవ్వాడు.

చివరికి పిలిచాడు. మందిరం నిండిపోయింది. ఆర్గన్ గొట్టాలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. మీటల ముందు సంఘంలోని ఒక అమ్మాయి కూర్చుంది. "గాలి కొట్టేది మా బావనే" అని మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకున్నాను.

అది చీపురుపుల్లలా లేచొచ్చింది. నేను కిందికి నొక్కకముందే పాట మొదలైంది. శబ్దం గొట్టాల్లోంచి కాదు, వెనక తెరచాటు స్పీకర్లలోంచి వస్తోంది.

"తిత్తేదిరా?" అన్నాను మెల్లగా.

"తిత్తి, లోపలి గొట్టాలు ఎప్పుడో ఖతమైనయ్ బావా. తీసి పడేసి కరెంటు కీబోర్డు పెట్టించిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకుంటవా నువ్వు? వీడియో తీస్తున్నరు, జర నవ్వుకుంట పిడి ఆడియ్యి."

నా బకెట్ చూసి నవ్విన రోజుకే వాడికిది తెలుసు.

పిడి వదిలేశాను. పాట ఆగలేదు. స్వరం జారలేదు. మీటల ముందున్న అమ్మాయి తల తిప్పి చూడలేదు.