రంగు లేని ముక్క

చర్చి కిటికీలోని రంగు లేని అద్దం ముక్కను పీకేసి నీలం ముక్క పెట్టారు. ఇది తప్పు.

మా దీవిలోని రేవు ఊరు బాంబూఫ్లాట్‌లో మూడు తరాలుగా రంగుటద్దాల కిటికీలు చేసే ఇంటి పెద్దను అందరం అద్దాల భయ్యా అనేవాళ్లం. ప్రతి కిటికీలోనూ ఒక ముక్కను రంగు లేకుండా వదలడం వాళ్ల నాన్న పెట్టిన ఆనవాయితీ. కిటికీ బిగించగానే అద్దాల భయ్యా ఆ ముక్కకు కన్ను ఆనించి, "పడవలు కనిపిస్తన్నాయి భయ్యా! మనోళ్లు సముద్రం మీదుంటే కళ్లు మూసుకొని దండం పెట్టగలమా?" అనేవాడు. మా అబ్బాయి ఓడ మీదున్న రోజుల్లో నేనూ చర్చిలో ఆ ముక్క దగ్గరే నిలబడ్డాను.

పోయిన వానాకాలం డిగ్లీపూర్‌కు కిటికీ తీసుకెళ్లిన ఆయన పడవ తిరిగి రాలేదు.

ఆయన గుర్తును ఎవరు తీశారని, ఇప్పుడు ఆ పని చేస్తున్న ఆయన మనవణ్ణి ఫోన్లో నిలదీశాను. రెండుసార్లు ఫోన్ పెట్టేశాడు. మూడోసారి చెప్పాడు:

"నేనే తీసేశాను తాతా. నానమ్మ రోజంతా దానికి కన్ను ఆనించి నిలబడిపోతంది. అన్నానికి పిలిస్తే, 'జరా రుకో, కాస్త ఆగు, మీ తాత పడవ వచ్చేత్తంది' అంటంది."