ఐలవ్వ చూడాలన్న దీపం

సదయ్యకు ప్రశ్నల పిచ్చి. గోదావరిఖని బావిలో పనికి కుదిరిన ఆరు నెలల్లోనే తోటి కార్మికుల ప్రాణాలు తోడేశాడు. ఈ బొగ్గు ఎటు పోతుంది? రైలెక్కి దూరాన ఉన్న పట్నాలకు. అక్కడేం చేస్తారు? కరెంటు. మరి మా ఊరికెప్పుడు? దీనికి మాత్రం అందరూ నవ్వేవారు. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంది అతని ఊరు. 1969లో అక్కడికి కరెంటు స్తంభం మాట అటుంచి, రోడ్డే లేదు. చెన్నూరులో బస్సు దిగి రెండు గంటలు నడవాలి.

ఆ పిచ్చి అతనికి తల్లి ఐలవ్వ నుంచి వచ్చిందే. సెలవుకు వెళ్తే ఆమె వదల్లేదు.

"భూమి కింద చీకట్ల ఎట్ల కనబడ్తది బిడ్డా?"

"నెత్తి మీద దీపముంటదే అవ్వా. నూనె లేదు, వత్తి లేదు."

"మీద ఉన్న మనకే లేదు, కిందికెట్లొచ్చిందిరా? నేను జూస్తెనే నమ్ముత."

కన్నతల్లే నమ్మనంటే సదయ్య మనసు ఊరుకుంటుందా? ఓ రోజు పొద్దున రాత్రి షిఫ్టు ముగించి, ల్యాంపు రూములో అప్పజెప్పాల్సిన దీపాన్ని బ్యాటరీతో సహా గొంగడిలో చుట్టుకుని ఊరి దారి పట్టాడు. ఒక్క రోజే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

పొద్దుగూకేవేళ ఊరంతా ఐలవ్వ వాకిట్లో చేరింది. దీపం వెలగగానే ఆమె దానిముందు అరచెయ్యి పెట్టి, తిప్పి తిప్పి చూసుకుంది. "పొగ రాదేందిరా?" అని అడిగి, అద్దాన్ని వాసన కూడా చూసింది. సదయ్యకు కడుపు నిండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొస్తే బావి దగ్గర జనం. దీపం తిరిగి రాకపోతే మనిషి లోపలే ఉన్నట్టు లెక్క. అతని గుడిసెకు తాళం చూసి ఆ అనుమానం గట్టిపడింది. నిన్న పొద్దుటి నుంచీ పదహారు మంది గనిలో అతని కోసం వెతుకుతున్నారు. జతగాడు తోమాసు ఒళ్ళంతా మసితో పైకొచ్చి, సదయ్యను చూసి అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఉద్యోగం పోయినట్టేనని అందరూ అనుకున్నారు. మేనేజరు మండిపడుతూ సంజాయిషీ అడిగాడు. సదయ్య తన తల్లి సంగతంతా దాచకుండా చెప్పి, ఊరుకోలేక తనూ ఒకటి అడిగాడు.

"నాకోసం పదహారు మంది దిగిండ్రా సార్?"

"దిగరా మరి? మనిషి కనబడకపోతే ఊరుకుంటామా?"

సదయ్య తలొంచుకున్నాడు. మేనేజరు అతన్ని పదిహేను రోజులు పనిలోంచి ఆపి, ఉద్యోగం మాత్రం ఉంచాడు.

బయట తోమాసు ఎదురుచూస్తున్నాడు. "ఉన్నదా, ఊడిందా?" అన్నాడు.

"ఉన్నది. ఎంతసేపు దేవులాడిండ్రు తోమాసన్నా?"

"పగలు, రాత్రి. మల్ల ఈ పగలు. ఎందుకు?"

"మా నాయిన పడవ మునిగి ప్రాణహితల కొట్టుకపోయిండు. అటు ఒడ్డు పోలీసులు మా హద్దు కాదన్నరు, ఇటు ఒడ్డుకు ఎవ్వలు రాలే. నేనూ మా అవ్వ, ఇద్దరమే దేవులాడినం."

తోమాసు చేతిలోని తువ్వాలతో సదయ్య తడి మొహం తుడిచాడు. మసి ఉన్నది తోమాసు మొహానికే.