లేని ముత్తయ్యకు మూడెకరాలు

మా అవ్వ బతికుండగా, ఆమె కళ్లెదుటే, అటువంటి మనిషి ఊళ్లో లేనే లేదని ముగ్గురు దొరలూ ఒక వకీలూ కూర్చుని తేల్చేశారు. తేల్చేసి, ఆమె దున్నుకుంటున్న మూడెకరాల చెలకను నిజంగానే లేని ఒక మనిషి పేరు మీద రాయించారు. రాసిన చెయ్యి నాదే. (మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. అమ్మమ్మో నాయనమ్మో అనుకుని జాలి తగ్గించుకోకండి.) దీని మీద అర్జీలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు నా మీసం నల్లగా ఉండేది.

ఇప్పుడు కలిగిన కుటుంబాలవాళ్లు పెద్ద హోటళ్లలో సమావేశాలు పెట్టుకుని, ఉన్న ఆస్తి ఎవరి పేరున దాచాలి, సర్కారు చెయ్యి పడకుండా ఎట్లా కాపాడుకోవాలి అని టై కట్టుకున్నవాళ్ల చేత పాఠాలు చెప్పించుకుంటున్నారట. మా మనవరాలు ఫోనులో ఆ బొమ్మలు చూపించి, "తాతా, ఇదో కొత్త చదువు" అన్నది. నాకు ఒళ్లు మండింది. కొత్తేమిటి! నేను పందొమ్మిదేళ్లవాడిగా ఉన్నప్పుడే అటువంటి సమావేశానికి కుర్చీలు సర్దిన దగ్గర్నుంచి కాగితాలు రాసిన దాకా ఏర్పాట్లన్నీ చేసినవాణ్ని. ఆ రోజుల్లో హోటలు లేదు, దొర కోటలాంటి ఇల్లు, గడీ ఉండేది, టై లేదు, తలపాగా ఉండేది, మిగతాదంతా ఇదే.

మా ఊరు బచ్చన్నపేటకు దగ్గర. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. పట్నంలో బంధువుల ఇళ్లలో నక్కిన దొరలు మిలిటరీ లారీల దుమ్ము వెనకాలే తిరిగొచ్చి గడీల్లో చేరారు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు అడవి పట్టారు. దొర లేని కాలంలో సంఘం పంచిపెట్టిన భూముల్లో మా అవ్వకు మూడెకరాల చెలక వచ్చింది. (వచ్చిందనకూడదు, తిరిగొచ్చింది. అంతకుముందు అది మా తాతదే. గడీవాళ్లు ఎప్పుడు గుంజుకున్నారో మా తాతకే సరిగ్గా అర్థం కాలేదట.) దొర తిరిగొచ్చే వేళకు అందులో జొన్న నిలువెత్తు లేచి, కంకి పాలు పోసుకుంటోంది. ఊళ్లో ఒక్కొక్కరి భూమీ మళ్లీ గడీ కిందికి పోతోంది. మా వంతు ఎప్పుడా అని అవ్వ రోజూ గట్టు మీద నిలబడి చూసి వచ్చేది.

అయితే తిరిగొచ్చిన దొరకూ సుఖం లేదు. మనిషికి ఇంత భూమి మించి ఉండకూడదని కొత్త సర్కారు చట్టం తెస్తుందని ఎవరో చెవిన వేశారు. దొర తన భూమి కొస ఎక్కడుందో తనే ఎప్పుడూ చూసినవాడు కాదు. ఆయనకు అన్నం సహించలేదు. మానుకోట వైపు ఒక దొర, భూపాలపల్లి అడవుల వైపు ఇంకో దొర ఆయనకు చుట్టాలు. వాళ్లకూ అదే జబ్బు. ముగ్గురూ మా గడీలో కలుసుకోవాలనీ, హనుమకొండ నుంచి వకీలును రప్పించి విరుగుడు చెప్పించుకోవాలనీ అనుకున్నారు. వకీలు ముందే కబురంపాడు: భూములు పరాయివాళ్ల పేర్ల మీద రాయాలి, ఎవరి గ్రామంలో వాళ్లు పేర్ల జాబితా తయారుచేసి పెట్టుకోవాలి. మా పట్వారీ ప్రాణభయంతో హనుమకొండ దాటి రానన్నాడు. బెల్లం కట్టిన కాగితాలూ గోడమీది నోటీసులూ చదివి అక్షరాలు పట్టిన నేను ఊళ్లో మిగిలాను. దొర నన్ను పిలిపించాడు.

"ఏమ్రా, నీకు అచ్చరాలొస్తయటగద?"

"వస్తయి దొరా."

"ఎవడు నేర్పిండ్రా, సంఘపోడా?"

"ఎవ్వలు నేర్పలే దొరా. నేనే నేర్చుకున్న."

"గట్లనా! అయితె తప్పులు శానుంటయి. పర్వలేదు, రాయి."

రాయడానికి కూర్చున్నాక తెలిసింది, దొరకు తన మనుషుల పేర్లు ఒక్కటీ రావు. "మొదలు గా ఎర్రోని పేరు రాయి. తర్వాత గా పొట్టోడు. గా నత్తోడు. గా వంకరకాలోడు" అని గడగడా చెప్పుకుపోయాడు. నలభై ఏళ్లుగా తన తోటలో చెమటోడుస్తున్న వాళ్లకు ఇంటిపేరూ తండ్రి పేరూ ఉంటాయన్న సంగతి ఆయనకు ఆ పూటే తట్టింది. "వీనికి నాయిన పేరు గుడ ఉంటదారా?" అని ఆశ్చర్యపోయాడు. చివరికి, నువ్వే ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మన్నాడు.

కాగితం చేత పట్టుకుని వాడలోకి అడుగుపెట్టగానే తలుపులు పడ్డాయి. తప్పు వాళ్లది కాదు. అప్పటికి మా ఊళ్లో పేరు కాగితానికెక్కిన ప్రతివాణ్నీ మిలిటరీ క్యాంపుకు తోలుకుపోయారు. పోయినవాడు తిరిగొచ్చినా పూర్వపు నడకతో రాలేదు. అందుకని కాగితం కనబడితే అసలు పేరు చెప్పకూడదన్నది చంటిపిల్లలకూ తెలుసు. ఎర్రోడు ఎప్పుడో చచ్చిపోయిన తన ముత్తాత పేరు చెప్పాడు. నత్తోడు పక్క ఊళ్లో తనకు పడని బావమరిది పేరు నత్తి లేకుండా చెప్పాడు. పొట్టోడు నన్ను అనుమానంగా చూసి, కొట్టంలోకి ఒకసారి తొంగిచూసి వచ్చి, "రాస్కో. రామన్న. తండ్రి లచ్చన్న" అన్నాడు. అవి వాడి ఎడ్ల పేర్లు. నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. రాసుకున్నాను.

ఆ జాబితాలో నేనొక్క తెలివైన పని చేశాను. (నా జన్మలో నేను చేసిన తెలివైన పనులన్నీ ఈ రకంవే.) గడీ లెక్కలో దొరదిగానే ఉన్న మా చెలక ఎదురుగా మా అవ్వ అసలు పేరు, తండ్రి పేరుతో సహా శుద్ధంగా రాశాను: లచ్చవ్వ. గడీలో ఆమెను 'మోటోని పెండ్లాం' అంటారు తప్ప ఆ పేరు ఎవరికీ తెలియదు. అవ్వ మొగుడు, మా బాపు, దొర బావి దగ్గర మోట కొట్టేవాడు. కాబట్టి ఎవరో లచ్చవ్వ అనుకుని దొర తన చేత్తో తనే మాకు పట్టా చేసిపెడతాడు! రెండురోజులు నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. సంగతి పొక్కుతుందని అవ్వకు కూడా చెప్పలేదు. నా ఘనత అదీ.

ఇక సమావేశానికి ఏర్పాట్లు. దొరకు అన్నిటికంటే పెద్ద చింత భూమి కాదు, కుర్చీ. మానుకోట దొర మనిషి ఎత్తరి; తన పక్కన కూర్చుంటే తను చిన్నగా కనబడతాడు. వడ్లాయనను పిలిచి అతిథి కుర్చీ కాళ్లు రెండు వేళ్లు కోయించాడు. వడ్లాయన కోపానికో తొందరకో ఒక కాలు ఇంకో వేలు ఎక్కువ కోశాడు. ఆ మధ్యాహ్నమంతా మానుకోట దొర ఆ కుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉన్నాడు. ఊగినప్పుడల్లా తల ఆడేది. ఆయన ప్రతిదానికీ ఒప్పుకుంటున్నాడని వకీలు ఎంతో సంతోషించాడు. భూపాలపల్లి దొర ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి, గోడకు వీపు ఆనించి గానీ కూర్చోలేదు. "మా దిక్కు చెట్టు కదిల్తె దళం వచ్చిందనుకుంటం బావా, అలవాటైంది" అన్నాడు.

భోజనాలయ్యాక వకీలు గొంతు సవరించుకున్నాడు. "పేరు ఇచ్చే మనిషి బతికుండాలె. మేజరై ఉండాలె. అన్నిటికన్న ముఖ్యం, రేపు వచ్చి నా భూమి నాకియ్యి అని అడగొద్దు. గసొంటి నమ్మకస్తులేనా?" అన్నాడు. నేను ఒక్కో పేరూ చదవడం, దొర ఒక్కోదానికీ హామీ ఇవ్వడం మొదలైంది. తన మనుషుల పేర్లు తనకు తెలియవని బావల ముందు ఒప్పుకుంటే పరువేం కాను! ముత్తాత పేరు చదివితే, "మొన్ననే పండుగకు బట్టలు పెట్టిన" అన్నాడు. "రామన్న, తండ్రి లచ్చన్న" అని చదివాను.

"ఓ, రామన్ననా! మస్తు కష్టపడ్తడు. పొద్దంత పని జెప్పినా నోరిప్పడు" అన్నాడు దొర.

"గసొంటోళ్లే గావాలె" అన్నాడు వకీలు. మానుకోట దొర ఊగాడు. ఆ ఎద్దు గురించి అంత కచ్చితంగా దాని యజమాని కూడా చెప్పలేడు.

తర్వాత మా చెలక. "లచ్చవ్వ" అని, తండ్రి పేరుతో సహా చదివాను. అన్నీ మగవాళ్ల పేర్లలో ఒక్క ఆడ పేరు రావడంతో భూపాలపల్లి దొర నవ్వాడు. "గీ లచ్చవ్వ ఎవలు బావా? మాకెప్పుడు జెప్పకపోతివి!" ఆ నవ్వుతో మా దొర ముఖం జేవురించింది. సరిగ్గా అప్పుడే మా అవ్వ చల్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని వసారాలోకి వచ్చింది. (గడీలో విందంటే వెట్టికి ఆమె రాక తప్పేది కాదు.)

"ఏమే మోటోనిదానా, మనూర్ల లచ్చవ్వంటె ఎవలే?" అన్నాడు దొర.

అవ్వ నా వైపు చూసింది. నా చేతిలో కాగితాన్ని చూసింది. గోడ దగ్గర తుపాకులతో నిలబడ్డ పోలీసులను చూసింది. నేను కళ్లతో చెప్పాను, కనుబొమలతో చెప్పాను, చెప్పవే అవ్వా అని కలం కూడా ఊపాను. చల్ల గ్లాసొకటి వకీలు ముందు పెడుతూ ఆమె అన్నది:

"నాకెర్క లేదు దొరా. గసొంటి మనిషి మనూర్ల లేనే లేదు."

"చూసినవా! లేని మనిషి పేరు రాసుకొచ్చినవు. గందుకే అన్న తప్పులుంటయని. కొట్టెయ్!" అని దొర నా మీద విరుచుకుపడ్డాడు. "నాకెరుకున్నోని పేరు రాయి." వకీలు కూడా కళ్లద్దాల మీదుగా చూస్తూ, "లేని మనుషులతో సర్కారు దగ్గర చిక్కొస్తది తమ్మీ" అన్నాడు. ఆ జాబితాలో మా ఊళ్లో నిజంగా ఉన్న ఒకే ఒక్క మనిషిని నా చేత్తోనే కొట్టేశాను. కోపంతో కళ్లు మసకేశాయి. ఎదురుగా వకీలు ముందున్న చల్ల గ్లాసు కనిపించింది. "చల్ల ముత్తయ్య, తండ్రి పెరుగయ్య" అని రాసి, గట్టిగా చదివాను, దొర పట్టుకుంటే పట్టుకోనీ అని.

"గిప్పుడు సక్కగ రాసినవు" అన్నాడు దొర. "ముత్తయ్య మావోడే. వాని నాయిన పెరుగయ్య గుడ మా నాయిన దగ్గరనే పనిజేసిండు."

మానుకోట దొర ఊగాడు.

ఇంటికొచ్చి అవ్వతో కొట్లాడాను. "ఎందుకట్లన్నవే? నీ పేరు మీద పట్టా ఐతుండె!" అన్నాను.

"పట్టానో గిట్టానో నాకేం తెలుసురా? నువ్వు జెప్పినవా?" అన్నది. "కాయితానికెక్కినోళ్లు ఏమైండ్రో చూడలేదా? నన్ను తోల్కపోతె బర్రెకు కుడితి ఎవడు పెడ్తడు, నువ్వా?" అని అడిగి, కొడవలి తీసుకుని చేనుకు పోయింది. ఆ యేడు జొన్న కోసుకున్నాం. మరుసటేడు గడీ అరకలు దిగాయి. ఆ తర్వాత దొరలూ పోయారు, గడీ గబ్బిలాలకు దక్కింది. మేం మళ్లీ చెలక దున్నుకున్నాం, ఇప్పటికీ దున్నుతున్నాం. కాగితంలో మాత్రం ముత్తయ్యే ఉన్నాడు. పోరాడినవాళ్లంతా ముసలివాళ్లై పోయారు గానీ ముత్తయ్యకు తల నెరవలేదు.

అవ్వ చనిపోయిన ఏడాదే మొదటి అర్జీ పెట్టాను. జనగామ పంపిన కాగితాన్ని వరంగల్లు, వరంగల్లు పంపినదాన్ని జనగామ ఎన్నిసార్లు చూసుకున్నాయో లెక్కలేదు. ఆ పేరు చల్ల గ్లాసును చూసి నేనే పుట్టించానని ఉన్నదున్నట్టు రాస్తే, ఒక అధికారి నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఇంట్లో ఎవరైనా చూసుకునేవాళ్లు ఉన్నారా అని మెల్లగా అడిగాడు. కోపం వచ్చేది, ఇప్పుడంత రావడం లేదు. చెలక గట్టు మీద కూర్చుంటే ఆ పందొమ్మిదేళ్లవాడు గుర్తొస్తాడు. ముగ్గురు దొరలను మోసం చేయబోయి కన్నతల్లికి ఒక్క మాట చెప్పడం మరిచిన ఆ మహా మేధావి. వాణ్ని తిట్టబోతే నవ్వొస్తుంది. అయినా అర్జీ మాత్రం మానలేదు. కిందటి నెలలో, ముద్ర వేసి, సంతకం చేసి, ఎట్టకేలకు జవాబు పంపారు:

"మీ అర్జీ పరిశీలించడమైనది. సదరు మూడెకరములకు పట్టాదారు శ్రీ చల్ల ముత్తయ్య, తండ్రి పెరుగయ్య గారు అని రికార్డులో ఉన్నది. వారు ఎన్నడూ లేరని మీరు వ్రాసియున్నారు. ఆ విషయాన్ని వారి వారసులు స్వయంగా హాజరై ధ్రువీకరించినచో, తదుపరి చర్య తీసుకొనబడును."